కొలెస్ట్రాల్‌కి మెంతులు, వెల్లుల్లి, గుగ్గులు, అర్జున బెరడు: ఎంత మోతాదు, ఎంత రుజువు?

మందుల_కౌంటర్ అడిగిన ప్రశ్న

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు చీటీతో మెడికల్ షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది, మాత్రలు చేతికి తీసుకునే ముందు అడిగేది ఒకటే: "ఇది మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలంట కదా, ముందు మూలికలేమైనా వాడి చూడొచ్చా?" వాళ్లు చెప్పే పేర్లు కూడా దాదాపు ఒకటే వరస. రాత్రి నానబెట్టిన మెంతులు ఒక చెంచా, పరగడుపున రెండు వెల్లుల్లి రెబ్బలు, అర్జున బెరడు పొడి, గుగ్గులు మాత్రలు, ఉసిరి రసం. ఈమధ్య "రెడ్ ఈస్ట్ రైస్" అని ఆన్‌లైన్‌లో చూసి అడిగేవాళ్లు కూడా వస్తున్నారు.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక రిపోర్టు ఇస్తున్నాను. వయసు 48. షుగర్, బీపీ, పొగ తాగే అలవాటు లేవు. టోటల్ కొలెస్ట్రాల్ 236, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 42, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 180, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 158. అన్నీ డెసీలీటరుకి మిల్లీగ్రాముల్లో. మూడు నెలలు తిండి, నడక సరిచేసుకుని మళ్లీ రమ్మన్నారు డాక్టరు. ఆ మూడు నెలల్లో ఏది వాడితే పనికొస్తుంది?

ఎలుకల మీదా కుందేళ్ల మీదా చేసిన ప్రయోగాలు వద్దండీ. మనుషుల మీద ఏం తేలింది, ఎన్ని గ్రాములు వాడితే తేలింది, ఏ మందుతో పడదు, ఇవి తెలిసినవాళ్లు చెప్పండి.

---

ఫార్మకాలజీ_విభాగం

గుగ్గులుతోనే మొదలుపెడతాను, అది ఒక ముళ్ల పొద నుంచి వచ్చే జిగురు. మన దేశంలో ఆయుర్వేద గ్రంథంలోంచి ఆధునిక మందుగా మారిన వాటిలో ముందు చెప్పుకోవాల్సింది అదే, దాని కథలో నేర్చుకోవాల్సింది కూడా చాలా ఉంది. సుశ్రుత సంహితలో మేదోరోగానికి (ఒంట్లో కొవ్వు పేరుకునే జబ్బు) గుగ్గులు చెప్పిన శ్లోకాల ఆధారంగా 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి పరిశోధన చేశారు. తర్వాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) ఆ జిగురులోంచి ఒక సారాన్ని తీసి "గుగ్గులిపిడ్" అని పేరుపెట్టింది. 1986లో దానికి కొలెస్ట్రాల్ మందుగా మన దేశంలో అనుమతి వచ్చింది. 1994లో 61 మందితో 24 వారాలు నడిచిన మన దేశపు పరీక్షలో ఎల్‌డీఎల్ దాదాపు 12 శాతం తగ్గింది.

అక్కడితో ఆగిపోతే బాగుందనే అనిపిస్తుంది. కానీ 2003లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 103 మందిని మూడు గుంపులు చేసి 8 వారాలు చూశారు. ఒక గుంపుకి ఉత్తుత్తి మాత్ర, ఒక గుంపుకి 1000 మిల్లీగ్రాముల గుగ్గులిపిడ్ రోజుకి మూడుసార్లు, ఇంకో గుంపుకి 2000 మిల్లీగ్రాములు మూడుసార్లు. గుగ్గులు వాడిన రెండు గుంపుల్లోనూ ఎల్‌డీఎల్ 4, 5 శాతం పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వాళ్లకి 5 శాతం తగ్గింది. పైగా గుగ్గులు వాడినవాళ్లలో ఆరుగురికి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి. 2009లో నార్వేలో 43 మందితో చేసినదాంట్లో కూడా ఎల్‌డీఎల్ మీద ప్రభావం కనబడలేదు, మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్ మాత్రం కాస్త తగ్గింది. కాబట్టి ఎల్‌డీఎల్ తగ్గించడానికని గుగ్గులు మాత్రలు కొనుక్కోమని నేనైతే ఎవరికీ చెప్పను.

వెల్లుల్లి. దీని మీద పరీక్షలు బోలెడున్నాయి, అందుకే ఎవరికి కావలసిన జవాబు వాళ్లు ఏరుకోగలుగుతున్నారు. 2013లో 39 పరీక్షలను కలిపి లెక్కకడితే, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు రెండు నెలలకు పైగా వాడినప్పుడు ఎల్‌డీఎల్ 9 మిల్లీగ్రాముల దాకా తగ్గుతుందని వచ్చింది. అయితే వాటిలో చాలావరకు చిన్నవి, నాణ్యత కూడా అంతంతమాత్రం. 2007లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చేసినది నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. ఎల్‌డీఎల్ 130 నుంచి 190 మధ్య ఉన్న 192 మంది, 6 నెలలు, వారానికి 6 రోజులు. పచ్చి వెల్లుల్లి, వెల్లుల్లి పొడి మాత్ర, మాగబెట్టిన వెల్లుల్లి సారం, ఉత్తుత్తి మాత్ర, ఇలా నాలుగు గుంపులు. పచ్చి వెల్లుల్లి మోతాదు రోజుకి దాదాపు 4 గ్రాముల రెబ్బ. ఆ రెబ్బల్లో ఘాటు పదార్థం ఎంత ఉందో కూడా కొలిచి మరీ ఇచ్చారు. ఏ గుంపులోనూ ఎల్‌డీఎల్ చెప్పుకోదగ్గంతగా కదల్లేదు. రసంలో, చారులో, పచ్చడిలో వెల్లుల్లి తినండి, రుచికి. కొలెస్ట్రాల్ కోసమని పరగడుపున పచ్చివి మింగి కడుపులో మంట తెచ్చుకోవద్దు.

2022లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు ఇలాంటివన్నీ ఒకేచోట పెట్టి పోల్చారు. 190 మంది, 28 రోజులు. ఒక గుంపుకి 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, మిగతావాటికి చేపనూనె, దాల్చిన చెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, ఎర్ర ఈస్ట్ బియ్యం, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్ర. స్టాటిన్ గుంపులో ఎల్‌డీఎల్ సగటున 38 శాతం తగ్గింది. మిగతా ఆరింటిలో ఒక్కటీ ఉత్తుత్తి మాత్రను దాటలేదు. వెల్లుల్లి గుంపులో అయితే 7.8 శాతం పెరిగింది. దీని లోపాలు కూడా చెప్పాలి కదా. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది రోసువాస్టాటిన్ తయారుచేసే కంపెనీయే. 28 రోజులు కూడా తక్కువే. మొక్కల స్టెరాల్స్ రోజుకి 2 గ్రాములు భోజనంతో తీసుకుంటే 8 నుంచి 10 శాతం తగ్గుతుందని వేరే పరీక్షల్లో తేలి ఉంది, ఇక్కడ ఇచ్చింది 1.6 గ్రాములు. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో అన్నిటినీ కొట్టిపారేయలేం. పసుపు, దాల్చిన చెక్కల విషయంలో మాత్రం దీనికి ఎదురు నిలిచే గట్టి రుజువు లేదు.

ఇక ఎర్ర ఈస్ట్ బియ్యం, అంటే ఒక రకం బూజుతో పులియబెట్టిన బియ్యం. ఇది నిజంగా పనిచేస్తుంది. ఎందుకంటే అందులో ఉన్నది స్టాటినే. మొనాకోలిన్-కె అంటే లోవాస్టాటిన్, రెండూ ఒకే అణువు. చైనాలో 4870 మంది గుండెపోటు వచ్చినవాళ్లకి దీని శుద్ధిచేసిన సారాన్ని నాలుగేళ్లకు పైగా ఇస్తే మళ్లీ గుండెపోటు, గుండె సంబంధ మరణం 10.4 శాతం నుంచి 5.7 శాతానికి తగ్గాయి. ఆ సారంలో మోతాదు పక్కాగా ఉంది. ఆన్‌లైన్‌లో కొనే సీసాలో ఎంత ఉంటుందో అట్టమీద రాసి ఉండదు. కొన్నిటిలో దాదాపు ఏమీ ఉండదు, కొన్నిటిలో మందు మోతాదంత ఉంటుంది. బూజు నుంచి వచ్చే సిట్రినిన్ అనే విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2024 మార్చిలో జపాన్‌లో ఈ మాత్రలు వాడినవాళ్లకి కిడ్నీలు పాడవడంతో సరుకంతా వెనక్కి తెప్పించారు. ఐరోపా సమాఖ్య 2022 నుంచి రోజు మోతాదులో మొనాకోలిన్లు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నియమం పెట్టింది. స్టాటిన్ వద్దనుకుని దీన్ని వాడడమంటే, కొలత తెలియని స్టాటిన్‌ని వాడడమే.

---

పోషకాహారం_మేడమ్

పై వివరాలకు నా వైపు నుంచి ఒక మాట కలుపుతాను. మూలికల సారాలు, క్యాప్సూళ్లు పక్కన పెడితే, వంటింట్లో ఉన్నవాటిలో కరిగే పీచు ఉన్నవి మాత్రం నిజంగా పనిచేస్తాయి. చిక్కల్లా మోతాదుతోనే.

మెంతులనే తీసుకోండి. దీని మీద మొదటి పరీక్షలు చేసింది మన హైదరాబాదే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1990లో అక్కడ టైప్-1 షుగర్ ఉన్నవాళ్లకి నూనె తీసేసిన మెంతిపిండి రోజుకి 100 గ్రాములు, రెండు పూటలా రొట్టెలో కలిపి పెట్టారు. రక్తంలో చక్కెరతో పాటు టోటల్ కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. తర్వాత టైప్-2 షుగర్ ఉన్న 60 మందికి రోజుకి 25 గ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చి చూశారు. ఇప్పుడు మనం చేసేది చూడండి. చిన్న చెంచాలో పట్టేవి 4 గ్రాముల మెంతులు. 25 గ్రాములంటే ఆరు చెంచాలు! రాత్రి ఒక చెంచా నానబెట్టి, పొద్దున నీళ్లు తాగి గింజలు పారబోసేవాళ్లు కూడా ఉన్నారు. పనిచేసే జిగురు పీచు గింజలోనే ఉంటుంది, నీళ్లలోకి దిగేది కొద్దిగానే. అంటే మోతాదులో ఆరోవంతు తీసుకుని, అందులోనూ ముఖ్యమైనది పారేస్తున్నారన్నమాట.

25 గ్రాములు తినడం చెప్పినంత తేలిక కాదు. చేదు, కడుపుబ్బరం, కొందరికి విరేచనాలు. చెమటకీ మూత్రానికీ ఒక తియ్యటి వాసన వస్తుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. వాడాలనుకుంటే మొదటి వారం 5 గ్రాములతో మొదలుపెట్టి, వారానికి 5 చొప్పున పెంచుకుంటూ పోవాలి. రాత్రంతా నానబెట్టి, నీళ్లతో సహా రుబ్బి దోసెల పిండిలోనో చపాతీ పిండిలోనో కలిపితే చేదు చాలావరకు కలిసిపోతుంది. మజ్జిగలో కలిపి తాగినా సరే. గర్భిణులు ఈ మోతాదు వాడకూడదు, పోపులో వేసుకునే నాలుగు గింజలకు ఇబ్బంది లేదు. షుగరుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా 25 గ్రాములకి వెళ్లొద్దు, షుగర్ పడిపోవచ్చు. ఇవి చిన్న పరీక్షలు, పాతవి, ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్ల మీద చేసినవి. అందుకే ఆశ పెట్టుకోవచ్చు గానీ భరోసా ఇవ్వలేను.

భరోసాగా చెప్పగలిగింది ఇసాబ్‌గోల్. మలబద్ధకానికి తెచ్చుకునే అదే పొట్టు, గుజరాత్‌లోని ఊంఝా, సిద్ధపూర్ నుంచి ప్రపంచమంతా వెళ్లేది. 28 పరీక్షలు, 1924 మంది, రోజుకి సగటున 10 గ్రాములు: ఎల్‌డీఎల్ దాదాపు 13 మిల్లీగ్రాములు తగ్గింది. పేగులోకి వచ్చిన పిత్త ఆమ్లాలను ఈ జిగురు పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. మళ్లీ పిత్తం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. అంతే, ఇంకేం మాయ లేదు. అమెరికా ఆహార ఔషధ సంస్థ 1998లోనే దీనికి గుండె ఆరోగ్యం మాట ప్యాకెట్ మీద రాసుకోనిచ్చింది. షరతు ఒకటే, రోజుకి 7 గ్రాముల కరిగే పీచు అందాలి. పొట్టులో చెప్పాలంటే 10 గ్రాములు.

ఇక్కడా చెంచా మోసం చేస్తుంది. పొట్టు దూదిలా తేలిక, చిన్న చెంచాలో 2 గ్రాములకు అటూఇటూ మాత్రమే పడుతుంది. 10 గ్రాములంటే రెండు పెద్ద చెంచాలు, తలకొట్టి. వంటింటి కాటా ఉంటే ఒకసారి తూచి మీ చెంచాకి ఎంతో చూసుకోండి, తర్వాత తూచక్కర్లేదు. పొద్దున 5, రాత్రి 5 గ్రాములు, భోజనానికి కాస్త ముందు. పెద్ద గ్లాసుడు నీళ్లు, అంటే 250 మిల్లీలీటర్లు, పోసి గబగబా కలిపి వెంటనే తాగేయాలి. రెండు నిమిషాలు ఆగితే గంజిలా గడ్డకడుతుంది. తాగాక ఇంకో అర గ్లాసు నీళ్లు. పొడి పొట్టు నోట్లో వేసుకుని నీళ్లు తాగడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, గొంతులోనే ఉబ్బి అడ్డంపడుతుంది. మింగడంలో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకి, పేగు సన్నబడినవాళ్లకి అసలు ఇవ్వకూడదు. మొదటి వారం సగం మోతాదే తీసుకుంటే గ్యాస్ బాధ తక్కువ.

ఓట్స్, బార్లీల్లోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. రోజుకి 3 గ్రాములు కావాలి, అంటే పొడి ఓట్స్ 75 గ్రాముల చుట్టూ. మసాలా ఓట్స్ చిన్న ప్యాకెట్ ఒకటి తింటే అది సగమే, ఉప్పు మాత్రం బోలెడు. అవిసె గింజలు రోజుకి 30 గ్రాములు, పొడి కొట్టి తింటే కొంచెం తగ్గుతుంది. గింజలు గింజలుగా మింగితే అలాగే బయటికి వచ్చేస్తాయి.

అడిగిన రిపోర్టుకి నేనైతే ఇసాబ్‌గోల్ 10 గ్రాములు, ఉదయం ఇడ్లీ దోసెల బదులు వారంలో నాలుగైదు రోజులు ఓట్స్ లేదా బార్లీ ఉప్మా, పామాయిల్, డాల్డాతో చేసిన బేకరీ సరుకు మానేయడం చెబుతాను. 158 కాస్తా 140 దరిదాపులకి రావచ్చు.

---

ఆయుర్వేద_వైద్యశాల

ఫార్మకాలజీ గారు చెప్పిన గుగ్గులు పరీక్షల ఫలితాలతో నాకు పేచీ లేదు. ఒక తేడా మాత్రం గుర్తించాలి. శాస్త్రంలో గుగ్గులుని అలా సారం తీసి ఒంటరిగా ఇవ్వమని లేదు. త్రిఫల కషాయంలో శుద్ధిచేసి, నవక గుగ్గులు, త్రిఫల గుగ్గులు లాంటి యోగాల్లో, అంటే వేరే మూలికలతో కలిపిన మందుల్లో ఇస్తారు. ఆ యోగాలు ఎల్‌డీఎల్ తగ్గిస్తాయా అన్నదానికి 2003 పరీక్ష జవాబు కాదు. అయితే "తగ్గిస్తాయి" అని చెప్పడానికి అంత గట్టి పరీక్ష మా వైపు నుంచీ లేదు. ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి.

అసలు సమస్య దానికంటే ముందే మొదలవుతుంది, సరుకు దగ్గర. తెలుగులో గుగ్గిలం అంటే చాలాచోట్ల సాల చెట్టు జిగురు, ధూపం వేసేది. మందు గుగ్గులు వేరే చెట్టుది, రాజస్థాన్, గుజరాత్ ఎండు నేలల్లోని ముళ్ల పొద. మన పచారీ కొట్లలో దాన్ని మహిసాక్షి అంటారు. పూజాసామగ్రి కొట్లో "గుగ్గిలం" అడిగి తెచ్చి నూరి మింగేవాళ్లు ఉన్నారు, అది పూర్తిగా తప్పు. అసలు గుగ్గులు గోధుమ పసుపు రంగులో, వేలికి అంటుకునే జిగటగా ఉంటుంది, నూరితే తేలిగ్గా పొడి అవదు. నీళ్లలో రుద్దితే పాలలాగా తెల్లబడుతుంది. ఆ పొద ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉంది కాబట్టి కల్తీ కూడా ఎక్కువే.

అర్జునలోనూ ఇదే గొడవ. అర్జున అంటే తెల్లమద్ది, ఏటి గట్ల మీద పెరిగేది. దాని బెరడు పైన నున్నగా బూడిద తెలుపు, లోపల లేత గులాబి. నల్లమద్ది బెరడు ముదురు రంగులో, మొసలి వీపులా పగుళ్లతో ఉంటుంది. పొడి చేశాక రెండిటినీ కంటితో గుర్తుపట్టలేరు, అందుకే పొడి కాకుండా చెక్కగా కొనండి.

రుజువు సంగతి: 2001లో జైపూర్‌లో 105 మంది గుండె జబ్బు ఉన్నవాళ్లని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజుకి 500 మిల్లీగ్రాముల అర్జున బెరడు పొడి, ఇంకో గుంపుకి విటమిన్-ఇ, మూడో గుంపుకి ఉత్తుత్తి మందు, 30 రోజులు ఇచ్చారు. అర్జున గుంపులో ఎల్‌డీఎల్ సగటున 15.8 శాతం తగ్గింది. కానీ ఆ సగటు పక్కనే ఉన్న అంకె చూడండి, ప్లస్ ఆర్ మైనస్ 25.6. అంటే కొందరికి బాగా తగ్గింది, కొందరికి పెరిగింది కూడా. గుంపుకి 35 మంది, నెల రోజులు. ఇంతదానితో కొలెస్ట్రాల్ మందు అని బోర్డు పెట్టలేం. శాస్త్రం అర్జునని చెప్పింది కూడా హృద్రోగానికే. క్షీరపాకం (పాలలో కాచే కషాయం) కొలత అడిగేవాళ్ల కోసం: బెరడు 1 భాగం, పాలు 8, నీళ్లు 32. అంటే 5 గ్రాముల చెక్క, 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు. సన్నటి మంట మీద నీళ్లన్నీ ఇగిరి పాలు మాత్రమే మిగిలేదాకా కాచి వడకట్టాలి. జైపూర్‌లో పరీక్షించింది ఇది కాదు, పొడి. రెండిటినీ ఒకటిగా చెప్పుకోకూడదు.

ఉసిరి మీద హైదరాబాద్ నిమ్స్‌లో 2013లో మంచి పద్ధతిలోనే ఒక పరీక్ష చేశారు. టైప్-2 షుగర్ ఉన్న 80 మంది, 12 వారాలు, ఉసిరి సారం 250 లేదా 500 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, పోల్చడానికి అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల గుంపు, ఉత్తుత్తి మందు గుంపు. రక్తనాళాల పనితీరుతో పాటు కొలెస్ట్రాల్ అంకెలు కూడా మెరుగుపడ్డాయి. వాడింది ప్రమాణీకరించిన సారం. చక్కెర పోసిన మురబ్బాకి, ఉప్పూ నూనె పోసిన ఊరగాయకి ఆ ఫలితం అంటగట్టొద్దు.

---

మందుల_కౌంటర్

చాలా ఉపయోగపడిందండీ, ముఖ్యంగా చెంచాల లెక్క. ఇంకో రెండు ప్రశ్నలు. ఇప్పటికే అటోర్వాస్టాటిన్ వాడుతూ, దానితో పాటు ఇవి వాడొచ్చా అని అడిగేవాళ్లకి ఏం చెప్పాలి? స్టెంట్ పడ్డాక స్టాటిన్ ఆపేసి మూలికలకి మారతామనేవాళ్లు ఉంటారు, వాళ్లకి?

---

ఫార్మకాలజీ_విభాగం

రెండోదానికి ముందు జవాబు. స్టెంట్, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు మూలికల కోసం స్టాటిన్ ఆపకూడదు. షుగర్‌కి స్టాటిన్ రాసినవాళ్లు కూడా డాక్టరుతో మాట్లాడకుండా ఆపొద్దు. కౌంటర్ దగ్గర ఇది గట్టిగా చెప్పండి. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బాగా ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 55 లోపు, ఎక్కువ ముప్పు వాళ్లకి 70 లోపు, మిగతావాళ్లకి 100 లోపు ఉండాలి. పైన చెప్పుకున్నవాటిలో బాగా పనిచేసే ఇసాబ్‌గోల్ కూడా 13 మిల్లీగ్రాములే తగ్గిస్తుంది. 158ని అది 145కి తెస్తే, 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ 100 దగ్గరికి తెస్తుంది. స్టాటిన్లతో ఎల్‌డీఎల్ ప్రతి 39 మిల్లీగ్రాములు తగ్గినకొద్దీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదోవంతుకి పైగా తగ్గుతాయని లక్షకు పైగా మందిని చూసి తేల్చారు. మూలికల్లో అలాంటి రుజువు ఉన్నది ఆ చైనా సారానికే, అదీ లోపల స్టాటిన్ ఉండబట్టి.

కండరాల నొప్పులకు భయపడి ఆపేవాళ్లు చాలామంది. 2020లో ఇంగ్లండ్‌లో, స్టాటిన్ పడక మానేసిన 60 మందికి ఒక నెల స్టాటిన్, ఒక నెల ఉత్తుత్తి మాత్ర, ఒక నెల ఏమీ లేకుండా, ఇలా ఏడాది పాటు మార్చి మార్చి ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని కాదు, కారణం ఎక్కువసార్లు మాత్రలోని మందు కాదని. నిజంగా ఓర్చుకోలేనివాళ్లకి మోతాదు తగ్గించడం, వేరే స్టాటిన్‌కి మారడం, స్టాటిన్ కాని ఎజిటిమైబ్ అనే కొలెస్ట్రాల్ మందు ఇవ్వడం, ఇలా దారులున్నాయి. ముందు డాక్టరుని అడగమనండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది, స్టాటిన్‌తో నొప్పులూ ఎక్కువవుతాయి కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోవాలి.

మొదటి ప్రశ్నకి: స్టాటిన్‌కి జతగా ఇసాబ్‌గోల్ చక్కగా సరిపోతుంది. 2005లో 68 మందితో చేసిన పరీక్షలో 10 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్‌కి రోజుకి 15 గ్రాముల ఇసాబ్‌గోల్ కలిపితే ఎల్‌డీఎల్ 63 మిల్లీగ్రాములు తగ్గింది. ఒంటరిగా 20 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్ ఇచ్చినా తగ్గింది అంతే, 63. పీచుతో సగం మోతాదు స్టాటిన్ కలిసొచ్చిందన్నమాట. మిగతా మాత్రల విషయంలో ఎడం పాటించాలి. ఇసాబ్‌గోల్‌కి గంట ముందైనా, రెండు గంటల తర్వాతైనా ఆ మాత్రలు వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు.

వద్దని చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. స్టాటిన్‌తో ఎర్ర ఈస్ట్ బియ్యం కలిపితే రెండు స్టాటిన్లు వేసుకున్నట్టే. గుగ్గులు ఒక్క గ్రాముతోనే డిల్టియాజెమ్, ప్రొప్రనొలాల్ రక్తంలోకి చేరడం తగ్గుతుందని ఆరోగ్యవంతుల మీద చూశారు. బీపీకో గుండెకో ఆ మాత్రలు వాడేవాళ్లకి అది ప్రమాదం. వెల్లుల్లి సారం మాత్రలు రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తం కారే ముప్పు పెరుగుతుంది, ఆపరేషన్‌కి వారం పది రోజుల ముందే ఆపాలి. కూరలో వెల్లుల్లికి ఈ మాట వర్తించదు. పసుపు సారంలో మిరియాల సారం కలిపిన క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. స్టాటిన్ వాడేవాళ్లలో అది కనబడితే నింద స్టాటిన్ మీద పడుతుంది, అవసరమైన మందు ఆగిపోతుంది. అందుకే "ఇంకేమైనా పొడులు, క్యాప్సూళ్లు వాడుతున్నారా?" అని పేరు పేరునా అడగండి. "ఇంకేం మందులు వాడుతున్నారు" అంటే చాలామంది వీటిని లెక్కలోకి తీసుకోరు.

---

ల్యాబ్_బెంచ్

వాడి చూసేవాళ్లు ఫలితాన్ని ఎలా కొలవాలో ఎవరూ చెప్పలేదు, అది నేను రాస్తాను. "ఫలానా కషాయంతో నాకు 20 పాయింట్లు తగ్గింది" అనే మాటల్లో చాలావరకు మందు పని కాదు, కొలత తేడా.

చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, లెక్క కడతారు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి అది కూడా తీసేస్తారు. పైన ఇచ్చిన రిపోర్టు చూడండి: 236 లోంచి 42, 36 తీసేస్తే 158. ఇప్పుడు అదే మనిషి పండగ భోజనాలు, స్వీట్లు అయ్యాక పరీక్షకి వచ్చాడనుకోండి. టోటల్ 236, హెచ్‌డీఎల్ 42 అలాగే ఉండి, ట్రైగ్లిజరైడ్లు 300 అయ్యాయి. లెక్కలో ఎల్‌డీఎల్ 134 వస్తుంది. ఆరోగ్యం చెడింది, రిపోర్టులో చెడ్డ కొలెస్ట్రాల్ 24 తగ్గింది! అందుకే టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చే నాన్-హెచ్‌డీఎల్ అంకె కూడా చూడాలి. ఆ రెండు రిపోర్టుల్లోనూ అది 194, ఏమీ మారలేదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క అసలు పనికిరాదు, ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలిపించాలి.

ఇంకొకటి, ఏ మందూ లేకుండానే ఒకే మనిషిలో ఎల్‌డీఎల్ వారం వారం 10 శాతం అటూఇటూ అవుతుంది. జ్వరం వచ్చి తగ్గాక, ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు మామూలు కంటే తక్కువ చూపిస్తుంది. మొదటి పరీక్షలో బాగా ఎక్కువ వచ్చినవాళ్లకి రెండోసారి ఊరికే కాస్త తగ్గి రావడం కూడా మామూలే. అందువల్ల మొదలుపెట్టే ముందు రెండు వారాల తేడాతో రెండుసార్లు, ఒకే ల్యాబులో, రెండుసార్లూ 10 నుంచి 12 గంటలు పరగడుపున చేయించి సగటు తీసుకోవాలి. తర్వాత ఒక్కటే మార్చాలి. ఇసాబ్‌గోల్, మెంతులు, నడక, నూనె మార్పు అన్నీ ఒకేరోజు మొదలుపెడితే మనిషికి మంచిదే గానీ, దేని వల్ల తగ్గిందో తెలియదు. 8 వారాలు ఆగి, మళ్లీ రెండు వారాల తేడాతో రెండు పరీక్షలు. రెండు సగటుల మధ్య తేడా 5, 6 మిల్లీగ్రాములే అయితే అది లెక్కలోకి రాదు. ఇసాబ్‌గోల్‌తో ఆశించే 13 కూడా ఒక్కొక్క పరీక్షతో అయితే సరిగ్గా పట్టుకోలేం, అందుకే రెండేసి చెబుతున్నాను.

పొడులు కొనేవాళ్లు అట్ట తిప్పి చూడండి. మందుగా అమ్మేదైతే ఆయుర్వేద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉండాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మాత్రమే ఉంటే అది ఆహార పదార్థం కిందే అమ్ముతున్నారన్నమాట, మందు అని చెప్పుకునే హక్కు దానికి లేదు. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని 2004లో పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. కాబట్టి పేరులేని పొట్లాల్లో, విడిగా డబ్బాల్లోంచి తూచి ఇచ్చే పొడులు నెలల తరబడి మింగడానికి పనికిరావు. భారలోహాల పరీక్ష రిపోర్టు అడగండి. ఇవ్వలేమంటే ఆ పొడి కొనొద్దు.